కంపైలర్ క్రాష్ అయితే తప్పు కంపైలర్‌దేనా?

“ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేస్తుంటే కంపైలరో లింకరో క్రాష్ అయిందా? అది వాటిలో ఉన్న బగ్. ఇంకోసారి మేక్ (బిల్డ్ నడిపే కమాండ్) కొట్టండి, దాటిపోతే సమస్య పోయినట్టే. దాటకపోతే పాత వెర్షన్ పెట్టుకోండి.” చాలామంది పంచుకుంటున్న సలహా ఇది. దీన్ని నమ్మి నేనూ నష్టపోయాను.

ముందు బగ్ సంగతి. కంపైలర్ సోర్స్‌ను మెషీన్ కోడ్‌గా మారుస్తుంది, లింకర్ ఆ ముక్కలను కలిపి ప్రోగ్రామ్‌గా చేస్తుంది. లింకర్ “సిగ్నల్ 9”తో (ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే సంకేతం) ఆగిందంటే అది దాని తప్పు కాదు, బయటి నుంచి ఎవరో దాన్ని చంపేశారు. బిల్డ్ మధ్యలో ఆ పని చేసేది దాదాపు ఎప్పుడూ ఓఎస్‌కు గుండెకాయ లాంటి కర్నలే, మెమరీ చాలక. కర్నల్ లాగ్ తెరిస్తే “అవుట్ ఆఫ్ మెమరీ” అన్న లైన్లో చచ్చిన ప్రాసెస్ పేరు కూడా ఉంటుంది. ఎగ్జిట్ కోడ్ 137 వచ్చినా అర్థం అదే, 128కి సిగ్నల్ నంబరు 9 కలిపితే వచ్చేది. 16 కోర్లున్నాయని 16 జాబ్‌లు (ఒకేసారి నడిచే పనులు) ఇచ్చేస్తాం. మామూలు సీ ఫైళ్లకు పర్వాలేదు. ఎల్‌ఎల్‌వీఎమ్ లాంటి భారీ కంపైలర్ ప్రాజెక్టును డీబగ్ సమాచారంతో లింక్ చేస్తే ఒక్కో లింకరే కొన్ని జీబీల ర్యామ్ తినేస్తుంది. అందుకే అందులో లింక్ జాబ్‌లకు విడిగా పరిమితి పెట్టుకునే సెట్టింగ్ ఉంది.

“రెండోసారి దాటితే సమస్య పోయినట్టే” అన్న మాట మాత్రం నిజంగా ప్రమాదం. అదే ఫైలు, అదే కమాండ్. ఒకసారి సిగ్నల్ 11తో (మెమరీని తప్పుగా తాకితే వచ్చే సెగ్‌ఫాల్ట్) పడిపోయి, ఇంకోసారి సాఫీగా నడిస్తే ముందు అనుమానించాల్సింది మెషీన్‌నే. నా మెషీన్‌లో మొదట ఒక డ్రైవర్ ఫైలు దగ్గర పడిపోయింది. మళ్లీ కొడితే అది దాటి, సీ లైబ్రరీలో ఎక్కడో ఆగింది. మూడోసారి పూర్తయింది. సంతోషంగా ఇన్‌స్టాల్ చేసుకున్నాను. కొన్నాళ్లకు పెద్ద ఆర్కైవ్‌ల చెక్‌సమ్‌లు (ఫైల్లోని డేటాను బట్టి లెక్కగట్టే సంఖ్యలు) చూసిన ప్రతిసారీ మారడం మొదలైంది. రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) నడిపితే ఒక ర్యామ్ స్టిక్‌లో, ఒకే అడ్రస్‌లో, ఒకే ఒక్క బిట్ తిరగబడుతోంది. ఆ బిట్ పాయింటర్‌లో (మెమరీ అడ్రస్ ఉండే విలువ) పడితే క్రాష్ అవుతుంది, మనకు తెలుస్తుంది. ఏ స్థిరసంఖ్యలోనో పడితే చప్పుడు లేకుండా కంపైలర్ తయారుచేసే ఆబ్జెక్ట్ ఫైల్లోకి వెళ్లిపోతుంది. స్టిక్ మార్చాక కంపైలర్‌తో మొదలుపెట్టి అన్నీ మళ్లీ బిల్డ్ చేయాల్సి వచ్చింది.

మెమ్‌టెస్ట్ పాసైతే హార్డ్‌వేర్ బాగున్నట్టే అనీ అనుకోవద్దు. 2017లో ఏఎమ్‌డీ కంపెనీ మొదటి తరం రైజెన్ ప్రాసెసర్లు కొన్ని లైనక్స్‌లో భారీ సమాంతర కంపైల్స్ నడుస్తుంటే సెగ్‌ఫాల్ట్ ఇచ్చేవి. సమస్య ఉందని ఏఎమ్‌డీ ఒప్పుకుని వాటిని మార్చి ఇచ్చింది.

కంపైలర్‌లో నిజంగా బగ్‌లుంటాయి, కాదనను. ఎన్నిసార్లు నడిపినా, వేరే మెషీన్‌లో నడిపినా అదే ఫైలు, అదే లైను దగ్గర ఆగితే అప్పుడు అనుమానించండి. జీసీసీ అనే కంపైలర్‌కు బగ్ రిపోర్ట్ ఆప్షన్ ఇస్తే అదే కమాండ్‌ను తనే మళ్లీ నడిపి చూసుకుంటుంది, ఫలితం మారితే బహుశా హార్డ్‌వేర్ లేదా ఓఎస్ సమస్య అని చెప్పేస్తుంది. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ అయితే క్రాష్ కాగానే ప్రీప్రాసెస్ చేసిన (హెడర్లన్నీ కలిపేసిన) సోర్సునూ, దాన్ని మళ్లీ నడిపే స్క్రిప్టునూ టెంప్ ఫోల్డర్లో వదిలి వెళ్తుంది. వెర్షన్ మార్చే ముందు ఆ రెండూ దాచుకోండి, రిపోర్టుకు కావలసినవి అవే.