పాట కింద రాసినవాళ్ళ పేరేదీ?

ఫోన్‌లో ఏదైనా పాత తెలుగు పాట పెట్టి చూడండి. సినిమా పోస్టర్ కనిపిస్తుంది, పాడినవాళ్ళ పేర్లు కనిపిస్తాయి, ఎక్కువసార్లు సంగీత దర్శకుడి పేరూ ఉంటుంది. మరి రాసిందెవరు? మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్‌లోకి వెళ్ళి వెతుక్కోవాలి. చాలా పాటలకు అక్కడా ఉండదు. ఆత్రేయ పుట్టిన మంగళంపాడు అప్పట్లో మా నెల్లూరు జిల్లాలోదే. వెన్నెలకంటిదీ నెల్లూరే. పాట రాసేవాళ్ళను ఇచ్చిన గడ్డ మీద పుట్టి, వాళ్ళ పేరే లేకుండా పాట వినాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉంది.

రేడియో రోజుల్లో ఇలా లేదు. ఆకాశవాణిలో పాట వేసే ముందు సినిమా పేరు, రచన ఎవరు, సంగీతం ఎవరు, పాడిందెవరు అని చెప్పాకే పాట మొదలయ్యేది. ఒక్క ముక్క చదువు రాని మా నాయనమ్మ ఏ పాట ఎవరు రాశారో చెప్పేదంటే, అది రేడియో పెట్టిన భిక్షే. థియేటర్ బయట అమ్మే పాటల పుస్తకంలోనూ, క్యాసెట్ అట్ట మీదా రచయిత పేరు ఉండేది. 1996లో ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక బాలుగారు పిల్లల చేత రచయిత పేరు చెప్పించేవారు. ఆయన ఆ పట్టుదల ఎందుకు పట్టారో నాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది.

పాతకాలమంతా బంగారమని నేను అనను. కావలసిన పాటల లిస్టు రాసిచ్చి, 60 నిమిషాల క్యాసెట్‌లోనో 90 నిమిషాల క్యాసెట్‌లోనో రికార్డింగ్ చేయించుకునే షాపులు ఊరూరా ఉండేవి. ఆ డబ్బుల్లో రచయితకు పైసా వెళ్ళేది కాదు. కానీ ఇప్పుడు ఏ పాట ఎన్నిసార్లు మోగిందో సెకన్లతో సహా లెక్క ఉంటుంది. ఇంత లెక్క పెట్టుకుని రాసినవాళ్ళ పేరు వదిలేయడమే నాకు మింగుడుపడటం లేదు.

ఈ రోజుల్లో పేరంటే డబ్బు కూడా. ఒక పాటలో రెండు హక్కులుంటాయి. రికార్డింగ్ మీద హక్కు కంపెనీది. సాహిత్యం, బాణీ మీద హక్కు వేరే. యాప్‌లు సబ్‌స్క్రిప్షన్ల డబ్బు, యాడ్స్ డబ్బు ఒకచోట పోసి, మొత్తం వినికిడిలో ఎవరి పాటకు ఎంత వాటా ఉందో చూసి పంచుతాయి. నెలంతా పౌరాణిక పద్యాలే వినే ఒంగోలు పెద్దాయన కట్టిన డబ్బు కూడా ఎక్కువగా ఆ నెల హిట్ పాటలకే పోతుంది. 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే కాని ట్రాక్‌కు రికార్డింగ్ రాయల్టీ లెక్కే కట్టరు. ఇక సాహిత్యం, బాణీల వాటా రచయితల, సంగీత దర్శకుల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచడానికి 1969లో పెట్టిన ఐపీఆర్ఎస్ లాంటి సొసైటీల ద్వారా చేరాలి. ఆ పాట ఫలానా వాళ్ళదని నమోదై ఉంటేనే వాళ్ళకు చేరుతుంది. పేరు లేకపోతే ఎవరికని ఇస్తారు?

కాపీరైట్ చట్టం మాత్రం రచయిత పక్షానే ఉంది. 2012 సవరణ తర్వాత, థియేటర్లో సినిమాతో పాటు వినిపించినప్పుడు తప్ప, ఇంకెక్కడ వాడుకున్నా సినిమా పాట రాయల్టీలో రచయితకూ సంగీత దర్శకుడికీ, పాట హక్కులు రాయించుకున్నవాళ్ళతో సమానంగా వాటా హక్కు ఉంది. వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఆ హక్కును ఎవరికి రాసిచ్చినా చెల్లదు. అంతకంటే పాతది సెక్షన్ 57. పాట హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ‘ఇది రాసింది నేనే’ అని చెప్పుకునే హక్కు రాసినవాళ్ళకే ఉంటుందని అది చెబుతుంది.

ఇదంతా సినిమావాళ్ళ గొడవ అనుకోకండి. పొదిలి వైపు మాకు తెలిసిన కోలాటం మాస్టారు ఒకరున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళకు రాత్రి పనులయ్యాక గుడి ముందు కోలాటం నేర్పిస్తారు. పాట ఆయనే రాస్తారు, బాణీ ఆయనే కడతారు. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన లాంగ్ నోట్‌బుక్ ఒకటుంది. ప్రతి చరణం పక్కనా ఏ కోపు, అంటే ఏ అడుగుల వరస, వేయాలో ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టి ఉంటుంది. ఆయన రాముడి పాటను ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు వచ్చి నేర్చుకున్నారు. స్టూడియోలో కీబోర్డు, ప్యాడ్స్ కలిపి రికార్డింగ్ చేసి పెట్టారు. లక్షల్లో చూశారు. కింద ‘లిరిక్స్: మా టీమ్’ అని ఉంది. తర్వాత మాస్టారి శిష్యురాళ్ళే తిరునాళ్ళలో ఆ రికార్డింగ్ పెట్టుకుని కోలాటం వేసి వీడియో పెడితే, దానికి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది! రికార్డింగ్ ఛానెల్ వాళ్ళదే, కాదనను. పాట ఎవరిది?

మాస్టారిని అడిగితే, “పోనీలే అబ్బయ్యా, రాముడి పాట నలుగురి నోట్లో పడింది గదా, అంతే చాలు” అన్నారు. ఆయన పెద్ద మనసు ఆయనది. దాన్ని అలుసుగా తీసుకునే హక్కు ఇంకొకరికి లేదు.

డిజిటల్ వల్ల మంచి జరగలేదని అనడం లేదు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక, కువైట్‌లో పనిచేసుకునే మనవాళ్ళు కూడా ఊరి తిరునాళ్ళ కోలాటం అక్కడి నుంచే చూస్తున్నారు. స్టూడియో గడప తొక్కని గొంతులు బయటికొచ్చాయి. కొందరు ‘జానపదం ఎవరి సొత్తూ కాదు’ అని వాదిస్తున్నారు. తరాల నుంచి వస్తున్న పాటకు అది నిజం. మొన్న మొన్న మన కళ్ళ ముందు ఒక మనిషి కూర్చుని రాసిన పాట మీద ‘జానపదం’ అని ముద్ర వేసి పేరు చెరిపేస్తే అది దోపిడీ. వేరే మాట నాకు రావడం లేదు.

పాటలు అప్‌లోడ్ చేసే తమ్ముళ్ళకు ఒక్కటే చెబుతున్నా. డిస్క్రిప్షన్‌లో రాసినవాళ్ళ పేరు, బాణీ కట్టినవాళ్ళ పేరు, డోలక్ వాయించినవాళ్ళ పేరు, వాళ్ళ ఊరు పెట్టండి. రెండు నిమిషాల పని.

మాస్టారిని ఒప్పించి నోట్‌బుక్ మొత్తం ఫొటోలు తీశాం. మన దేశంలో పాట రాయగానే కాపీరైట్ పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా రుజువుగా పనికొస్తుందని ముందు ఆ రాముడి పాటకు 500 రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెడుతున్నాం. పేరు మార్చమని ఛానెల్‌కు పెట్టిన మెసేజ్‌కు ఇంకా జవాబు లేదు. ఈసారి సెక్షన్ 57 నంబరు వేసి, నోట్‌బుక్‌లో ఆ పాట ఉన్న పేజీ ఫొటో జతచేసి పంపుతున్నాం.