ఇంటి తాళం ఎవరి చేతిలో?

ఒడిశా గజపతి జిల్లాలోని సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో ఏ జిరాక్స్ షాపు ముందైనా ఉదయం పదింటికి కాసేపు నిలబడండి. ప్లాస్టిక్ కవర్లోంచి ఆధార్, రేషన్ కార్డు, ఒడియాలో ఉన్న భూమి పట్టా, శ్రీకాకుళంలో చూపించుకున్న ఆస్పత్రి రిపోర్టులు ఒక్కొక్కటే బయటికొస్తుంటాయి. ఒకదాంట్లో ఇంటిపేరు ముందుంటే ఇంకోదాంట్లో వెనకుంటుంది. మన పేరు ఒడియాలోకి, అక్కణ్నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లొచ్చేసరికి వేరే ఎవరిదో అయిపోతుంది, ఇద్దరూ ఒకరేనని ఒప్పించడానికి మళ్లీ ఓ అఫిడవిట్. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైంది, ఆ సరిహద్దు గీతకి జిరాక్స్‌లు మాత్రం ఇప్పటికీ మనమే తీయించుకుంటున్నాం.

ఈ కాగితాలన్నీ వెబ్‌లో ఒకదానికొకటి ముడిపడి ఉంటే ఈ తిప్పలుండవు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రతి విషయానికీ ఒక వెబ్ అడ్రస్ ఇచ్చి, ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకి దారి వేయడమే లింక్డ్ డేటా. ఎలా చేయాలో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 2006లోనే రాసి పెట్టారు. మేం దీనికి వ్యతిరేకం కాదు. కానీ ముడి వేసే ముందు కొటియా వైపు ఒకసారి చూడాలి. ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అంటున్న ఆ ఊళ్లలో చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. అది వాళ్లు చేసిన తప్పు కాదు, రెండు ప్రభుత్వాలూ పోటీ పడి ఇచ్చినవే. రేపు రెండు రికార్డులూ కలిసి, ఏదో ఆఫీసులో ఎవరో ఒక్క క్లిక్‌తో రెండూ చూసేస్తే, ఎవరి బియ్యం ఆగుతాయో చెప్పక్కర్లేదు.

కాబట్టి కలపాలా వద్దా అన్నదానికంటే, కలిపాక ఎవరు ఏది చూడొచ్చో ఎవరు చెప్పాలి అన్నదే మాకు పెద్ద ప్రశ్న. బెర్నర్స్-లీ మొదలుపెట్టిన సాలిడ్ అనే ప్రాజెక్టు దీనికి ఇచ్చే జవాబు బాగానే ఉంది: మీ డేటా మీకు నచ్చిన చోట దాచుకోండి, ఏ యాప్ వచ్చినా మీ అనుమతి అడిగే లోపలికి రావాలి. చిక్కంతా ఆ అనుమతి రాసే పద్ధతిలో ఉంది. అక్కడ రెండు పద్ధతులు నడుస్తున్నాయి. వెబ్ యాక్సెస్ కంట్రోల్‌లో ఎవరికి అనుమతో మాత్రమే రాయగలం, ఫలానావాళ్లకి వద్దని విడిగా రాసే వీల్లేదు. యాక్సెస్ కంట్రోల్ పాలసీలో వద్దని కూడా రాయొచ్చు, ఏ యాప్ ద్వారా వస్తున్నారో కూడా చూడొచ్చు. సర్వర్ నడిపేవాళ్లకి ఈ రెండింట్లో ఒకటి చాలు, యాప్ రాసేవాడు మాత్రం రెండూ నేర్చుకోవాలి. అంటే రెండు రాష్ట్రాల చిక్కే ఇక్కడా! 2024లో వెబ్ స్టాండర్డ్‌లు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ ఈ పని కోసం లింక్డ్ వెబ్ స్టోరేజ్ వర్కింగ్ గ్రూప్ పెట్టింది. రెండు పద్ధతుల్నీ బతకనిచ్చి ఎవరినీ నొప్పించకుండా సర్దుకుపోకూడదని, ఒక్కటే ఖాయం చేయాలని మా మాట.

ఇంకో చిన్న విషయం ఉంది, చిన్నదే కానీ కొంపలు ముంచేది. వెబ్ యాక్సెస్ కంట్రోల్‌లో ఒక ఫైలుకి సొంత అనుమతి రాయకపోతే, పై ఫోల్డర్‌కి ఉన్నదే దానికీ వర్తించేలా పెట్టుకోవచ్చు. పింఛను కోసం క్లర్కుకి ఒక ఫోల్డర్ చూపించారనుకోండి. ఆర్నెల్ల తర్వాత బరంపురం నుంచి వచ్చిన టీబీ రిపోర్టుని మీ అబ్బాయి తెలియక అందులోనే పడేశాడు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు, క్లర్కుకి మాత్రం మీ రిపోర్టు కనిపిస్తుంది. ఇంజనీర్లకి ఇది సౌకర్యం. మాకు మాత్రం టెన్షన్, ఎందుకంటే చూశాక తాళం వేసి లాభమేముంది?

మన 2023 డేటా రక్షణ చట్టం సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలంటోంది. సమ్మతి అడిగే మాట ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలని కూడా అంటోంది. అంటే గజపతి జిల్లాలో ఉన్నంత మాత్రాన దాన్ని తెలుగులో చదువుకునే హక్కు పోదు. ఇప్పుడు తయారయ్యే స్టాండర్డ్‌లో ఈ రెంటికీ చోటుండాలి.

చివరిగా వెబ్ యాక్సెస్ కంట్రోల్‌లోని కంట్రోల్ అనే అనుమతి గురించి. చదవడం, రాయడం, చివర్లో కలపడం లాంటివి ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు. ఇది ఉన్నవాడు ఎవరికి అనుమతి ఉండాలో కూడా మార్చేయగలడు. మన దగ్గర చాలామంది ఖాతాలు నెట్ సెంటర్ కుర్రాడి చేత్తో, ఒక్కోసారి అతని ఫోన్ నంబర్ మీదే తెరుచుకుంటాయని అందరికీ తెలుసు. అలాంటప్పుడు స్టాండర్డ్ దృష్టిలో ఇంటి యజమాని ఆ కుర్రాడే. ఫోన్ లేని ముసలావిడ తన ఖాతా మీద కంట్రోల్ తిరిగి తీసుకోవాలంటే దారేమిటో, డబ్ల్యూ3సీ గ్రూపు రాసే ముసాయిదాలోనే ఉండాలి.