గ్యాసేనట!

ఇప్పుడే అత్తగారివాళ్ల ఫ్యామిలీ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. ఎందుకో చెప్తా వినండి.

మా చిన్న తోడికోడలు పొద్దున మెసేజ్ పెట్టింది. రెండు నెలల బాబు, పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఏడుస్తున్నాడు, తలంతా చెమట, ఏం చేయనూ అని. అంతే, వరసపెట్టి సలహాలు. గ్యాస్. పాలు చాలట్లేదు. ఫ్యాన్ పెంచు. ఒక మహానుభావుడైతే దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. నేను "ముందు ఎకో, అదే గుండె స్కాన్, తీయించు" అంటే పెద్దత్త జవాబు: "ప్రతిదానికీ భయపెట్టకమ్మా."

నేను భయపెడుతున్నానట!

మా పాపకీ గ్యాసే అన్నారు. నాలుగు గుక్కలు తాగేసరికి పై పెదవి మీద చెమట చుక్కలు నిలబడేవి, మొహం పాలిపోయేది, ఇక ఒకటే ఏడుపు. కాళ్లు ముడుస్తోందిగా, కడుపునొప్పే అని తేల్చేశారు. తీరా చూస్తే గుండెనొప్పి. పెద్దవాళ్లకి మెట్లెక్కితే వస్తుందే, అలాంటిది. పసిపిల్లకి పాలు తాగడమే మెట్లెక్కడం.

అల్కాపా అంటారు. గుండె కండరానికి రక్తమిచ్చే ఎడమ కొరొనరీ నాళం, ఒంటికంతా మంచి రక్తం పంపే అయోర్టా నుంచి రావాల్సింది పోయి, ఊపిరితిత్తులకి చెడు రక్తం తీసుకెళ్లే పల్మనరీ ఆర్టరీ నుంచి వస్తుంది. సుమారు 3 లక్షల మందిలో ఒకరికట, ఆ ఒక్కరూ మా ఇంట్లోనే! పుట్టగానే పల్మనరీలో ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. కొన్ని వారాలకి ప్రెషర్ తగ్గాక, కుడి కొరొనరీ నుంచి అరువొచ్చిన రక్తం కూడా కండరానికి అందకుండా పల్మనరీలోకి జారిపోతుంది. గుండె ఎడమ గది ఉబ్బుతుంది, ఆ గదికున్న మైట్రల్ వాల్వ్ లీకవుతుంది, హార్ట్ ఫెయిల్యూర్. ఆపరేషన్ లేకపోతే పదిమందిలో తొమ్మిదిమంది ఏడాది దాటరు. 1933లోనే బ్లాండ్, వైట్, గార్లాండ్ అనే డాక్టర్లు దీని గురించి రాశారు. మనవాళ్లకి మాత్రం ఇంకా గ్యాసే.

ఇంట్లోవాళ్లనే అని ఏం లాభం? మొదటి ఎకోలో కార్డియోమయోపతి, అంటే గుండె కండరం జబ్బు, అని రాసి మందులిచ్చి పంపేశారు. రెండోచోట డాక్టరమ్మ ప్రోబ్ ఒక్కచోటే ఆనించి "ఎడమ కొరొనరీ ఎక్కణ్నుంచి వస్తోందో తేలేదాకా నేను లేవను" అంది. ఆవిడ లేవకపోబట్టే పాప ఉంది. ఆ నాళాన్ని విడదీసి అయోర్టాకి కుట్టారు. నెలలు పట్టినా గుండె కోలుకుంది.

ఆపరేషన్ జరుగుతుంటే బయట కూర్చుని మా ఆడపడుచు ఏమందో తెలుసా? "మా వైపు ఎవరికీ గుండెజబ్బుల్లేవు మరి." అంటే నా వైపు నుంచి వచ్చిందని! కడుపులో నాళాలు ఏర్పడేటప్పుడు జరిగిన తేడా, సాధారణంగా వంశంలో వచ్చేది కాదు అని డాక్టర్ చెప్తుంటే పక్కనే ఉండి తలూపింది కూడా. ఆరేళ్లయింది, ఒక్క సారీ లేదు. ఇవాళ గ్యాస్ అని మొదట రాసిందెవరు? ఆవిడే.

తోడికోడలు విడిగా మెసేజ్ పెట్టింది: "అక్కా, ఎవరికి చూపించాలి?" పిల్లల గుండె డాక్టర్‌కి, ఇవాళే, ఎడమ కొరొనరీ ఎక్కణ్నుంచి వస్తోందో చూడమని గట్టిగా అడుగు అని రాశాను. బయల్దేరారట.

ఆడపడుచు ఫోన్ చేస్తోంది. ఎత్తను.