చింపాంజీ పేరు చెప్పి అమ్మమ్మ నోరు మూయించారు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ళ మధ్య ఒక వాట్సాప్ సందేశం నెల రోజులుగా తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. సారాంశం ఇది: రెండేళ్ళు నిండే దాకా మనిషి బిడ్డ మెదడుకూ చింపాంజీ పిల్ల మెదడుకూ తేడా లేదు; జపాన్‌లో ఒక చింపాంజీ జ్ఞాపకశక్తిలో కాలేజీ విద్యార్థులనే ఓడించింది; కాబట్టి ఆ వయసు పిల్లలతో కబుర్లు దండగ, బొమ్మల కార్డులు, వీడియోలు చూపించి జ్ఞాపకశక్తి పెంచాలి; ఇంట్లో తెలుగు, బయట కన్నడ వింటే బిడ్డ అయోమయంలో పడి మాటలు ఆలస్యమవుతాయి, అందుకని ఇంగ్లీషు ఒక్కటే వినిపించాలి.

మూడో అంతస్తు దంపతులు దీన్ని నమ్మేశారు. మనవణ్ణి చూసుకోవడానికి హిందూపురం నుంచి వచ్చిన అమ్మమ్మగారితో "అమ్మా, వాడితో తెలుగులో మాట్లాడకు" అన్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. పదకొండు నెలల పిల్లవాడి పక్కన పగలంతా మూగనోము పట్టి కూర్చుంటున్నారు. ఇలాంటి సందేశాలు చూసీ చూడనట్టు చెరిపేసే నాకు కోపం వచ్చింది అందుకే.

ముందు ఆ జపాన్ చింపాంజీ సంగతి. అది కల్పన కాదు. క్యోటో విశ్వవిద్యాలయంలో అయుము అనే చింపాంజీతో చేసిన ప్రయోగాన్ని ఇనోవే, మత్సుజావా 2007లో ప్రచురించారు. తెరమీద ఐదు అంకెలు సెకనులో ఐదో వంతు సేపు మెరిసి మాయమవుతాయి. అవి ఉన్న చోట్లను చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరుసగా తాకాలి. అయుము 80 శాతం దాకా సరిగ్గా తాకింది, విద్యార్థులు 40 శాతం దగ్గర ఆగిపోయారు. సందేశం కథను ఇక్కడే ఆపేసింది. అయుముకు ఆ ఆటలో ఎంతో సాధన ఉంది, విద్యార్థులకు లేదు. తరవాత వేరే పరిశోధకులు కొందరు మనుషులకు బాగా సాధన చేయిస్తే వాళ్ళూ ఆ స్థాయిని అందుకున్నారు. పోనీ, అయుమే గెలిచిందనుకుందాం. మెరిసిన అంకెలను గుర్తుపెట్టుకోవడమే మాటలకు మెట్టయితే అది ఈపాటికి మనతో కబుర్లాడుతూ ఉండాలి కదా!

మెదళ్ళు రెండూ ఒకటే అన్న మాట ఇంకా విచిత్రం. అదే 2007లో హెర్మన్, టొమసెల్లో అనే పరిశోధకుల బృందం 105 మంది రెండున్నరేళ్ళ పిల్లలకూ 106 చింపాంజీలకూ 32 ఒరాంగుటాన్లకూ ఒకే రకం పరీక్షలు పెట్టింది. దాచిన వస్తువును వెతకడం, ఎక్కువ తక్కువలు పోల్చడం వంటివాటిలో పిల్లలూ చింపాంజీలూ ఇంచుమించు సమానం. ఎదుటివారిని చూసి నేర్చుకోవడంలో, వారి చూపునూ సైగనూ అర్థం చేసుకోవడంలో పిల్లలు చాలా ముందున్నారు. సందేశం రాసిన పెద్దమనిషి మొదటి సగం ఉంచుకుని రెండోది పారేశాడు.

పారేసిన ఆ సగం బిడ్డ వేలి కొసన ఉంటుంది. ఏడాది వయసుకు కాస్త అటూ ఇటూగా పిల్లలు చూపుడు వేలు చాపడం మొదలుపెడతారు. కొన్నిసార్లు "అది ఇవ్వు" అని. చాలాసార్లు మాత్రం ఏమీ అక్కర్లేదు. కాకినో, కుక్కనో చూపించి మన ముఖంలోకి చూస్తారు. "చూశావా?" అని అడుగుతున్నారన్న మాట. లిజ్‌కోవ్‌స్కీ బృందం 2004లో దీన్ని పరీక్షించింది. పెద్దవాళ్ళు వస్తువును మాత్రమే చూసినా, బిడ్డ ముఖాన్ని మాత్రమే చూసినా పన్నెండు నెలల పిల్లలకు తృప్తి కలగలేదు, మళ్ళీ మళ్ళీ చూపించారు. అటు వస్తువునూ ఇటు తమనూ చూసి సంతోషం పంచుకుంటేనే వాళ్ళకు పని అయినట్టు.

కోతులు సైగ చేయవా అంటే చేస్తాయి. మన బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థకు చెందిన అనింద్య సిన్హా బృందం బండీపూర్ అడవి కోతులు మనుషుల ముందు చెయ్యి చాపి, కూతపెట్టి తిండి అడగడాన్ని 2018లో వివరించింది. అదంతా "ఇవ్వు" సైగ. ఊరికే చూపించడం వానర జాతిలో బహు అరుదు. ఉగాండా అడవిలో ఒక చింపాంజీ తాను సవరిస్తున్న ఆకును తల్లికి చూపించిన దృశ్యం 2022లో శాస్త్ర పత్రికకు ఎక్కిందంటేనే ఎంత అరుదో తెలుస్తుంది. మూడో అంతస్తు పిల్లవాడు ఆ పని రోజూ చేస్తున్నాడు. జవాబు చెప్పవలసిన అమ్మమ్మను మనం మాట్లాడవద్దన్నాం.

ఇక వీడియోలు. పరిశోధకురాలు పట్రీషియా కూల్ 2003లో తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు పన్నెండు విడతలు చైనా మాండరిన్ వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ చదివితే ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో వింటే ఏమీ అంటలేదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తాతగారి వీడియో కాల్ లెక్క వేరు: ఆయన అటు నుంచి జవాబిస్తారు. రెండేళ్ళు దాటిన పిల్లలు అలాంటి కాల్‌లో కొత్త మాటలు నేర్చుకోగలరని 2014 అధ్యయనం ఒకటి చూపింది.

భాషల అయోమయం దగ్గరికి వద్దాం. గర్భంలో ఉండగా తల్లి నోట ఇంగ్లీషు, ఫిలిప్పీన్స్ భాష తగలోగ్ రెండూ విన్న శిశువులు పుట్టిన కొద్ది రోజులకే ఆ రెండింటినీ వేరుచేసి గుర్తించారని 2010 నాటి పరిశోధన చెప్పింది. పుట్టినప్పుడే లేని గందరగోళం పదకొండో నెలలో ఎక్కడి నుంచి వస్తుంది? "నాకు నీళ్ళు బేకు" అని, 'కావాలి'కి కన్నడ మాట కలిపినంత మాత్రాన పిల్లవాడు తికమకపడ్డాడని అర్థం కాదు; ఈ ఊళ్ళో పాతికేళ్ళుగా ఉంటున్న నేనూ అలాగే మాట్లాడతాను. రెండు భాషలు వినే పిల్లలకు ఒక్కో భాషలో మాటలు కొంచెం తక్కువగా కనిపించవచ్చు. రెండూ కలిపి లెక్కపెడితే ఒక భాష పిల్లలతో సమానంగానే ఉంటున్నారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. "పాత", "పాట" మాటల్లోని త, ట తేడా మనకు సహజం. ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలు కూడా ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని ఈ తేడాను పట్టగలరని, పది పన్నెండు నెలలకు చాలామందిలో ఆ పట్టు సడలిపోతుందని వెర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో చూపారు. మనం తెలుగు ఆపేసింది సరిగ్గా ఆ నెలల్లోనే.

మాటలు నిజంగా ఆలస్యమైతే భాష మాన్పించడం మందు కాదు. పన్నెండు నెలలకు సైగలూ ముద్దుపలుకులూ లేకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా ముందు చెవుల పరీక్ష చేయించాలి, పిల్లల వైద్యునికి చూపించాలి. "రెండు భాషల వల్లేలే" అని ఊరుకుంటే వినికిడి లోపం దాని చాటున దాగిపోతుంది.

ఇవన్నీ మూడో అంతస్తుకు వెళ్ళి చెప్పాను. తండ్రి ఇంకా తల అడ్డంగా ఊపుతున్నాడు. తల్లి మాత్రం "నువ్వు మాట్లాడమ్మా" అన్నది. నిన్న రాత్రి అమ్మమ్మగారు అన్నం గిన్నెతో బాల్కనీలోకి వచ్చి చందమామను చూపించబోయారు. ఎదురుగా కడుతున్న భవనం అడ్డం. పిల్లవాడు దాని క్రేను మీద వెలుగుతున్న ఎర్ర దీపాన్ని వేలితో చూపించి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"అవును నాయనా, దీపం" అన్నారావిడ. ఇంకో ముద్ద తిన్నాడు.