సర్వమతాలూ కలిసి కాపాడిన మూడు గజాలు

మా పర్లాకిమిడి వైపు మతసామరస్యం ఎవరూ వచ్చి నేర్పాల్సిన పని లేదు. మా ఒడిశా గజపతి జిల్లా జనంలో మూడో వంతుకు పైగా క్రైస్తవులు. కొండల మీద సవర పల్లెల్లో అన్న బాప్టిస్టు, తమ్ముడు పాత దేవతల వైపు, పండక్కి ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర. చంద్రగిరి వెళ్తే జీరంగలో టిబెటన్లు కట్టుకున్న పద్మసంభవ మహావిహారం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. ఇంత సరుకున్న చోట దాన్ని ఏకం చెయ్యడానికి ఒక సంస్థ లేకపోతే జిల్లా పరువేం కాను? అందుకని ఒకటి వెలిసింది. పేరు చెప్పను. చెబితే తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లోనూ చెప్పాలి. ఏది ముందన్నది కార్యవర్గంలో ఇంకా తేలలేదు.

ఆశయం మాత్రం తేలింది. ఆధ్యాత్మికతనీ సామాజిక న్యాయాన్నీ కలపడం. ఈ రెండూ ఎప్పుడు విడిపోయాయో, ఎవరు విడగొట్టారో కరపత్రంలో లేదు గానీ, కలపడానికి ఎంతవుతుందో అంచనా ఉంది.

మొన్న వార్షిక సభకి వెళ్ళాను. దీపం వెలిగించడం దగ్గరే సంస్థ ఎంత పరిణతి చెందిందో అర్థమైంది. దీపం హిందువులదని పాస్టరు గారు జంకారు. సరే, కొవ్వొత్తితో వెలిగిద్దామన్నారు. కొవ్వొత్తి చర్చిదని పూజారి గారు జంకారు. మౌల్వీ గారు అగ్గిపెట్టె ఇచ్చారు. ఇందులో ఏ మతానికీ అభ్యంతరం కనపడలేదు. ఫ్యాను గాలికి మూడుసార్లు ఆరింది. నాలుగోసారి ఫొటో తీసి, ఆరనిచ్చేశారు.

లెక్కల విషయంలోనూ వీళ్ళని చూసి నేర్చుకోవాలి. 2020లో కేంద్రం విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏని సవరించి, ఆ విరాళాల్లో పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దించేసింది. దేశంలో సంస్థలన్నీ గొల్లుమన్నాయి. మా వాళ్ళు చలించలేదు. ప్రయాణాన్ని యాత్ర అన్నారు, భోజనాన్ని సహపంక్తి అన్నారు, ఏసీ గదిని ధ్యానమందిరం అన్నారు. పాలనా ఖర్చు దాదాపు మాయమైపోయింది. ఆధ్యాత్మికత వల్ల లౌకిక ప్రయోజనం లేదనేవాళ్ళు ఒకసారి ఆ ఆడిట్ రిపోర్టు చూడాలి.

ప్రధాన వక్త స్వామి అగ్నివేశ్ గురించి మాట్లాడారు. తగిన ఎంపికే. నదవతల మన శ్రీకాకుళంలోనే 1939లో వేపా శ్యామరావుగా పుట్టిన మనిషి. అస్గర్ అలీ ఇంజనీరుతో పాటు 2004లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు అందుకున్నాడు. ఒక కాషాయం, ఒక బోహ్రా ముస్లిం సంస్కర్త! హాలు మార్మోగిపోయింది. వక్త అక్కడితో ఆగారు. ఆ కాషాయం 1981లో బంధువా ముక్తి మోర్చా పెట్టిన సంగతి గానీ, ఆ సంస్థ ఫరీదాబాద్ రాతి క్వారీల్లో వెట్టిలో ఉన్నవాళ్ళ కోసం సుప్రీంకోర్టుకి ఎక్కిన సంగతి గానీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద. మా కోశాధికారి గారికి అవతల ఇటికల బట్టీలున్నాయి. ఏటా పంట నూర్పులయ్యాక అడ్వాన్సులిచ్చి, ఆ అప్పుకి కట్టుబడి వలసపోయే దాదన్ కూలీలని లారీ ఎక్కించేది ఆయన మనుషులే. అలాంటాయన్ని ముందు వరసలో కూచోబెట్టి 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం గురించి మాట్లాడితే సామరస్యం ఏం మిగుల్తుంది? పైగా ఆ రోజు భోజనాలు ఆయనవే.

సరిగ్గా ఆ భోజనాల ముందు, హాలు ఊడ్చే ముసలమ్మ చీపురు గోడకి ఆనించి ముందుకొచ్చింది.

“ఏటి బావూ, ఇందాకట్నుంచీ దేవుళ్ళందరూ ఒకటేనని సెప్తన్నారు. మా పేటలో మనిసి పోతే ఒల్లకాటికి దారి లేదు. పొలం గట్టు మీంచి మొయ్యాల. గట్టు మీద నలుగురు పట్టరు, ముందొకడు, ఎనకొకడు. పాడె ఒరిగిపోతంది. మొన్న వానల్లో ఇద్దరూ జారీసి మడిలో పడ్డారు, శవంతో కూడా. ఓ మూడు గజాలిప్పించండి బావూ.”

ఆ పేట నాకు తెలుసు. సగం మంది గౌరమ్మకి మొక్కుతారు, సగం మంది ఆదివారం చర్చికి వెళ్తారు. గుడిలో వాళ్ళకి బయటి మెట్టు, చర్చిలో వెనక బల్ల. ఈ విషయంలో ఏ మతమూ ఇంకో మతానికి తీసిపోలేదని ఒప్పుకోవాలి. పోయాక అందరికీ అదే గట్టు.

అధ్యక్షులు “చెప్పమ్మా, తప్పకుండా చూద్దాం” అన్నారు. ఎవరో సర్వే నకలు తెచ్చారు. అప్పుడు తేలిందేమిటంటే, దారికి కావలసిన జాగాకి ఒక పక్క కోవెల మాన్యం, ఒక పక్క చర్చి ప్రహరీ, ఆ చివర దర్గా తరఫున అద్దెకిచ్చిన కొట్ల వెనక గోడ. మూడూ గజం గజం ముందుకు జరిగాయి. ఎవరి దేవుడి కోసం వాళ్ళు.

పూజారి గారు తెలుగులో, పాస్టరు గారు ఒడియాలో, మౌల్వీ గారు ఉర్దూలో ఒకేసారి ఒకే మాట అన్నారు: “మిగతా ఇద్దరూ వదిలితే మేమూ వదుల్తాం.”

నేను చూసిన సర్వమత సభల్లో ఇంత పూర్తి ఏకాభిప్రాయం ఇదే మొదలు. స్వర్గం గురించి ఈ ముగ్గురికీ ఎంత తేడా ఉందో వర్క్‌షాపుల్లో విన్నాను. మోక్షానికి దారి గురించి అసలు పడదు. ఒల్లకాటి దారి దగ్గరికొచ్చేసరికి ముగ్గురూ ఒకే తల్లి బిడ్డలు. 1893లో చికాగోలో అన్ని మతాలవాళ్ళనీ పోగేసి పదిహేడు రోజులు మాట్లాడించారు. పాపం, వాళ్ళ మధ్య ఒక సర్వే నంబరు పెడితే ఎంత త్వరగా తేలిపోయేదో.

సంస్థలో కొత్తగా చేరిన కుర్రాడొకడున్నాడు, ఇంకా జీతం పుచ్చుకోలేదు. వాడు లేచి, 1965లో అమెరికాలో సెల్మా ఊరి నుంచి మార్టిన్ లూథర్ కింగ్ నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం నడిస్తే, అబ్రహాం హెషెల్ అనే యూదు గురువు కూడా నడిచాడనీ, నడుస్తుంటే తన కాళ్ళు ప్రార్థన చేస్తున్నట్టనిపించిందన్నాడనీ చెప్పాడు. రేపు పొద్దున్నే మనందరం కూడా ఆ గట్టు మీద నడుద్దామన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. 1955లో ఇదే ఒడిశాలో కోరాపుట్ వైపు వినోబా నడుస్తుంటే ఊళ్ళకి ఊళ్ళే భూముల్ని గ్రామదానం చేశాయి, మనం మూడు గజాలివ్వలేమా అని కూడా అడిగాడు.

అధ్యక్షులు చిన్నబుచ్చుకోలేదు. “వాళ్ళని వినోబా గారు అడిగారు నాయనా. మమ్మల్ని వినోబా గారు అడగలేదు కదా” అన్నారు. నడక సంగతికొస్తే, తనకి షుగరు, పాస్టరు గారికి మోకాళ్ళు, పూజారి గారికి మడి. కాబట్టి స్టేజీ మీదే ఆ చివర నుంచి ఈ చివరికి చేతులు పట్టుకుని నడిచారు. ఫొటోలో చాలా దూరం నడిచినట్టే పడింది. జిల్లా పేజీలో ‘అణగారిన వర్గాల కోసం మతపెద్దల పాదయాత్ర’ అని వేశారు.

తర్వాత సన్మానం. మా ఊరి కొమ్ము పని సంగతి మీకు తెలిసే ఉంటుంది. పశువుల కొమ్ముని కాచి, సాగదీసి, నునుపు పట్టించి కొంగల్ని చేస్తారు. మెడ వంపు దగ్గర ఒక్క గీత పడకూడదు, పడితే అది అమ్ముడుపోదు. ఒంటికాలి మీద నిలబడి నీళ్ళవైపు దీక్షగా చూస్తున్న కొంగ. మతపెద్దలకి తలా ఒకటి ఇచ్చారు. ఇంతకంటే ఉచితమైన జ్ఞాపిక నేను చూడలేదు. చేసిన మనిషి హాలు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. గ్రాంటు రాగానే ఇస్తామన్నారు.

ముసలమ్మ విన్నపం ఊరికే పోలేదు. మతానికొకరు చొప్పున ముగ్గురితో ఉపసంఘం వేశారు. ఆమెని ప్రత్యేక ఆహ్వానితురాలన్నారు. తీర్మానం ఇంగ్లీషులో చదివి వేలిముద్ర వేయించుకున్నారు. ఆమె మళ్ళీ చీపురు అందుకుంది, ఎందుకంటే ఈలోపు విస్తళ్ళు లేచాయి.

ఉపసంఘం మొదటి సమావేశం వచ్చే నెల గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున, రెండు రాత్రుళ్ళ బసతో. సభ్యులకి దారి ఖర్చులు సంస్థే భరిస్తుంది.