బావ, బుల్లి స్క్రూడ్రైవర్, కొర్రమీను పులుసు

అత్తవారింట్లో రెండు పూటలు గడిస్తే మా బావకు తోచదు. వదులైన వస్తువుల కోసం వెతుకుతారు. ఈసారి కుక్కర్ మూత పిడి దొరికింది. దాన్ని అమ్మ ఎప్పటికప్పుడు చాకు మొనతో బిగించుకుంటుంది. “ఇంట్లో ఒక్క రాచెట్ స్క్రూడ్రైవర్ కూడా లేదా?” అని ఆయన అడిగిన తీరు, తాగడానికి నీళ్ళు లేవా అన్నట్లుంది.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళాం. కొట్టాయన ఓపికమంతుడు. అరచేతిలో ఇమిడే రకాలన్నీ బల్ల మీద పరిచాడు. “లోపల పళ్ళచక్రం ఉంటుందండీ. మొన తీయకుండా మణికట్టు అటూ ఇటూ ఆడిస్తే చాలు. 72 పళ్ళుంటే 5 డిగ్రీలు తిప్పినా పట్టు దొరుకుతుంది. అలమర మూలల్లో చెయ్యి ఆడదు కదా, అక్కడ పనికొస్తుంది. ఈ రింగు ఒక పక్కకు తిప్పితే బిగుస్తుంది, రెండో పక్కకు తిప్పితే ఊడుతుంది, మధ్యలో పెడితే మామూలు స్క్రూడ్రైవరే. దీనికి తగిలించే మొనలు, అంటే బిట్లు, పావు అంగుళం ఆరు పలకలవైతే ఎక్కడైనా దొరుకుతాయి. స్టార్ బిట్లలో, అదే ప్లస్ గుర్తు మొనవాటిలో, ఇంటికి ఎక్కువగా 2వ నంబరు సైజే వాడతారు. 1 పెడితే స్క్రూ తల అరిగిపోతుంది.”

బావ ఇందులో ఒక్క ముక్కా వినలేదు. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకొని కిర్రుమనిపించి, అన్నిటికన్నా గట్టిగా అరిచేదాన్ని ఎంచుకున్నారు. “దానికి పళ్ళు తక్కువండీ” అని కొట్టాయన నసిగాడు. అప్పటికే బావ డబ్బు తీశారు. నాకు నారింజ రంగు పిడి ఉన్నది నచ్చింది. నన్నెవరడిగారు?

ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద కొర్రమీను పులుసు ఉడుకుతోంది, మామిడికాయ ముక్కలు అప్పుడే వేశారు. వంటింట్లో వెలుతురు పొయ్యి దగ్గరే బాగుంటుందని బావ కుక్కర్ మూతను సరిగ్గా చట్టి మీదుగా పట్టుకున్నారు. రింగు ఊడదీసే వైపు ఉంది. కుడివైపు తిప్పినప్పుడల్లా ఉత్త కిర్రు, చెయ్యి వెనక్కి వచ్చినప్పుడల్లా స్క్రూ కాస్త పైకి. ఆయన కిర్రుకే మురిసిపోతున్నారు. “చూశావా, ఎంత తేలిగ్గా బిగుస్తోందో!”

బిట్టుకు అయస్కాంతం ఉందన్న ధీమా ఒకటి. ఆ స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ అయస్కాంతాన్ని లెక్కచేయలేదు. బుడుంగుమని పులుసులోకి దిగింది. పిడి నా కాలి మీద పడింది.

అల్లుణ్ణి ఏమంటారు? అమ్మ గరిటెతో చట్టి అడుగంతా దేవి, దొరక్కపోయేసరికి మంట తగ్గించి మూత పెట్టింది. భోజనాల దగ్గర వడ్డిస్తూ ఎంతో మర్యాదగా, “ముళ్ళు చూసుకొని తినండి అల్లుడుగారూ. స్క్రూ కూడా” అంది.

అది ఆయన కంచంలోకే వచ్చింది, తలకాయ ముక్కతో పాటు. బావ దాన్ని చప్పరించి, తుడిచి, వెలుతురుకు పట్టి చూశారు.

“ఇది 2వ నంబరురా. మనం 1 పెట్టాం. ఆ కొట్టువాడు చెప్పి ఉండాల్సింది.”