ఆర్మీ డాక్టర్ వెనకాల టెంట్‌లో కూర్చునేవాడా?

పది రోజులుగా మా నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ముందు స్కూలు బ్యాచ్ గ్రూపులో కనిపించింది, తర్వాత కాలనీ గ్రూపులో, చివరికి మా చుట్టాల గ్రూపులోకీ వచ్చింది. అందులో ఉన్నదంతా ఇంతే: "ఆర్మీ డాక్టర్ అసలు సైనికుడే కాదు. యుద్ధం జరిగే చోటికి మైళ్ల దూరంలో టెంట్‌లో ఉంటాడు. పతకాలు ర్యాంకు చూసి ఇస్తారు. కొరియా యుద్ధానికి మన డాక్టర్లను పంపింది పేరుకే. రిటైరయ్యాక పింఛను తప్ప వాళ్లకు వేరే పని లేదు. మీ పిల్లలను ఆ దారిలో పంపకండి."

మామూలుగానైతే ఇలాంటివి చదివి వదిలేస్తాను. ఈసారి నావల్ల కాలేదు. మా అక్క కూతురు నీట్ రాసింది. పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో చేరాలని ఇంటర్ మొదలైనప్పటి నుంచీ అంటోంది. మా బావ ఈ మెసేజ్ దానికి చూపించి, "చూసినవా, ఏమున్నదే అందులో?" అన్నాడట. సాయంత్రం అది ఫోన్ చేసి, "మామా, నువ్వన్నా చెప్పు" అంది. చెబుతున్నాను. ఒక్క పిల్ల కోసమే కాదు, అది ఫార్వర్డ్ చేసిన వాళ్లందరి కోసం.

మైళ్ల దూరంలో టెంట్ అన్న మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే.

లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ అని ఒక ఆర్మీ డాక్టర్ ఉండేవాడు. తమిళ నేలవాడు. 1941లో భారత సైన్యంలో పారాచూట్ దళం మొదలైనప్పుడు, విమానంలోంచి మొట్టమొదట దూకిన ఇద్దరు భారతీయుల్లో ఆయనొకడు. రెండోవాడు హవల్దార్ మేజర్ మథురా సింగ్. అంటే మన దేశంలో పారాచూట్ మీద అందరికంటే ముందు దూకిన వాళ్లలో ఒకరు డాక్టర్. ఈ సంగతి తెలిస్తే ఆ మెసేజ్ రాసినవాడి చేయి రెండో వాక్యం దగ్గరే ఆగేది.

1950 నవంబర్‌లో మన సైన్యపు 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కొరియా చేరింది. పేరు చూసి సైరన్ కొట్టుకుంటూ పోయే బండి అనుకోవద్దు. సర్జన్లు, మత్తు డాక్టర్లు, నర్సింగ్ సిబ్బంది, స్ట్రెచర్లు మోసేవాళ్లు అందరూ కలిసి మూడు వందల పైచిలుకు మంది ఉన్న కదిలే ఆస్పత్రి అది. దాని కమాండర్ రంగరాజే. వెళ్లిన కొద్ది రోజులకే ఉత్తర కొరియా తరఫున చైనా సైన్యం విరుచుకుపడింది. దక్షిణ కొరియా వైపు పోరాడుతున్న ఐక్యరాజ్యసమితి సేనలు ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వదిలి వెనక్కి తగ్గాయి. మనవాళ్లకు లారీలు లేవు. సామాను అక్కడే వదిలేసి ప్రాణాలు దక్కించుకోవాల్సిన పరిస్థితి. ఆపరేషన్ సామాను వదిలేస్తే అక్కడికి డాక్టర్లు వెళ్లి ఏం లాభం?

స్టేషన్‌లో ఒక పాత ఆవిరి ఇంజన్, కొన్ని పెట్టెలు కనబడ్డాయి. యూనిట్‌లో రైలు పని కొంత తెలిసిన జవాన్లు ఉన్నారు. బాయిలర్‌లో నీళ్లు లేవు. వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటూ బాయిలర్ నింపారు. వేసవిలో మునుగోడు పల్లెల్లో ట్యాంకర్ వచ్చినప్పుడు ఆడవాళ్లు బిందెలు అందించుకునే వరుసను తలుచుకోండి. అదే వరుస, కాకపోతే అది కొరియా చలికాలం, వెనక నుంచి శత్రువు వస్తున్నాడు. సామానంతా ఎక్కించి, వంతెన పేల్చేసేలోపే నది దాటించారు. వీళ్లనేనా టెంట్‌లో కూర్చునేవాళ్లు అంటున్నది?

ఇంకా ఉంది. 1951 మార్చి 23న సియోల్‌కు ఉత్తరాన ఉన్న మున్సాన్ దగ్గర వేల మంది అమెరికా పారాట్రూపర్లు శత్రు సేనల వెనక దూకారు. వాళ్లతో పాటు రంగరాజ్, ఆయన టీమ్ కలిపి 12 మంది భారతీయులు కూడా దూకారు. దిగిన చోటే గాయపడిన వాళ్లకు ఆపరేషన్లు మొదలుపెట్టారు.

"పేరుకే పంపారు" అన్న మాటలో ఒక చిన్న ముక్క నిజం. కొరియాలో పోరాడటానికి భారత్ సైన్యాన్ని పంపలేదు, వైద్య దళాన్నే పంపింది. అది నెహ్రూ ప్రభుత్వం తెలిసి తీసుకున్న నిర్ణయం. కానీ ఆ దళం 1954 ఫిబ్రవరి దాకా, అంటే మూడేళ్లకు పైగా అక్కడే ఉంది. ఒక భాగం యుద్ధరంగంలో బ్రిటిష్ కామన్వెల్త్ బ్రిగేడ్‌తో తిరిగితే, ఇంకో భాగం తేగు పట్టణంలో మామూలు జనానికీ వైద్యం చేసింది. మొత్తం దాదాపు 2 లక్షల మందిని చూశారు, 2,300కు పైగా ఆపరేషన్లు చేశారు. పేరుకు వెళ్లినవాళ్లు ఇంత పని చేస్తారా? అదే యూనిట్‌ను 2023 ఫిబ్రవరిలో భూకంపం వచ్చినప్పుడు టర్కీకి పంపారు. టీవీలో చూసి చప్పట్లు కొట్టిన మనవాళ్లే ఇప్పుడు ఈ మెసేజ్ పంచుతున్నారు.

ఇక పతకాల మాట. రంగరాజ్‌కు ఇచ్చింది మహావీర చక్ర, యుద్ధంలో సాహసానికి ఇచ్చే పతకాల్లో రెండోది. సూర్యాపేటలో విగ్రహంగా నిలబడ్డ మన కల్నల్ సంతోష్ బాబుకు గల్వాన్ తర్వాత ఇచ్చిందీ అదే. ర్యాంకు చూసి ఇచ్చేదైతే 1962 యుద్ధంలో రైఫిల్‌మ్యాన్ జస్వంత్ సింగ్ రావత్‌కు ఎలా వచ్చింది? సైన్యంలో రైఫిల్‌మ్యాన్ కంటే కింది ర్యాంకు లేదు. బ్రిటిష్ వాళ్ల అతిపెద్ద సాహస పతకం విక్టోరియా క్రాస్‌ను రెండుసార్లు గెలిచినవాళ్లు చరిత్ర మొత్తంలో ముగ్గురే. అందులో ఇద్దరు డాక్టర్లు. ఒకరు నోయెల్ చవాస్, 1917లో బెల్జియంలోని ఈప్ర దగ్గర గాయాలతో చనిపోయాడు. ఇంకొకరు ఆర్థర్ మార్టిన్-లీక్, ఆయన మన వాల్తేరు వైపు తిరిగే బెంగాల్ నాగపూర్ రైల్వేలో డాక్టర్‌గా పనిచేసినవాడే.

తుపాకీ పట్టడు కాబట్టి సైనికుడు కాదు అనేవాళ్లకు ఒక్క పేరు చెబుతాను, మేజర్ లైష్రామ్ జ్యోతిన్ సింగ్. మణిపూర్ బిడ్డ, ఆర్మీ డాక్టర్. 2010 ఫిబ్రవరి 26న కాబూల్‌లో మన వైద్యులు ఉంటున్న గెస్ట్ హౌస్ మీద దాడి జరిగింది. ఆయన చేతిలో ఆయుధం లేదు. ఆత్మాహుతి దాడికి వచ్చినవాడిని ఉత్త చేతులతో పట్టుకుని వదల్లేదు. వాడు పేల్చుకున్నాడు, ఈయన పోయాడు, తోటివాళ్లు కొందరు బతికారు. యుద్ధం లేని వేళ చూపిన సాహసానికి ఇచ్చే అతిపెద్ద పతకం అశోక చక్ర ఇచ్చారు. నిజానికి జెనీవా ఒప్పందం ప్రకారం తననూ, తన రోగులనూ కాపాడుకోవడానికి సైనిక వైద్యుడు ఆయుధం పట్టవచ్చు. కానీ గాయపడి దొరికిన శత్రువు వస్తే వాడికీ కట్టు కట్టాలి. రెండోదే కష్టమని నాకనిపిస్తుంది.

ఆర్మీ డాక్టర్లలో చాలామంది సర్వీసంతా ఆస్పత్రుల్లోనే గడుస్తుంది, నిజమే. జవాన్ల జ్వరాలు, వాళ్ల ఇంటివాళ్ల కాన్పులు చూస్తారు. ఆ ఆస్పత్రి ఉందన్న ధైర్యంతోనే కదా జవాను సరిహద్దుకు వెళ్లేది.

చివరిది రిటైర్‌మెంట్. రంగరాజ్ ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అఫ్ఘానిస్తాన్ వెళ్లి మశూచి నిర్మూలనలో పనిచేశాడు. కొండల్లో దారులుండని ఊళ్లు, వాటిలో టీకాలు. మశూచి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మా ఊళ్లో "అమ్మవారు పోసింది" అని వేపాకు కట్టి, తలుపులు మూసి కూర్చునేవాళ్లట. మా నాయనమ్మకు చిన్నప్పుడు పోసింది. నేను చిన్నప్పుడు ఆమె ఒళ్లో పడుకుని చెంపల మీది గుంటలు వేలితో లెక్కపెట్టేవాణ్ణి, లెక్క ఎప్పుడూ తేలేది కాదు. మా ఇంట్లో ఆ మచ్చలున్న ముఖం ఆమెదే ఆఖరిది.